గజ్జె కట్టిన గట్టు

జాతర రోజుల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బస్సులు సూర్యాపేట మొహం చూడవు. నార్కట్‌పల్లి దగ్గరే పోలీసులు వాటిని పక్కకు మళ్లిస్తారు. నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ చుట్టి కోదాడలో మళ్లీ పెద్దరోడ్డు ఎక్కాలి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు గడియారం చూసుకుని విసుక్కుంటారు. ఎందుకిట్లా తిప్పుతున్నారని అడిగితే డ్రైవరు ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: "గట్టు నడుస్తున్నది." 65వ నంబరు జాతీయ రహదారిని గొర్లకాపరుల దేవుడు రెండేళ్లకోసారి పక్కకు జరుపుతాడు.

ఆ దేవుడు లింగమంతుల స్వామి. ఉండేది సూర్యాపేట దాటగానే రోడ్డు పక్కన, చివ్వెంల మండలం దురాజ్‌పల్లి గుట్ట మీద. కొందరు గొల్లగట్టు అంటారు, ఎక్కువమంది పెద్దగట్టు అంటారు. మాఘ పున్నమి వెళ్లాక వచ్చే ఆదివారం మొదలై గురువారం దాకా ఐదు రోజులు సాగుతుంది. తెలంగాణలో మేడారం తర్వాత ఇంత జనం కూడే జాతర ఇదే. మేం పత్రికలవాళ్లం ప్రతిసారీ ఒకటే రాస్తాం: పోటెత్తిన భక్తజనం, జనసంద్రమైన గట్టు, మంత్రులు దర్శించుకున్నారు, ఏర్పాట్లు భేష్ లేదా అధ్వానం. పక్కన ఒక డ్రోన్ ఫొటో. ఆ ఫొటోలో జనం కనిపిస్తారు, చప్పుడు వినపడదు. ఆ చప్పుడే జాతరకు ప్రాణమని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. నా లెక్కలో పెద్దగట్టు తెలుగునేల మీది అతి పెద్ద ఆరుబయటి సంగీతోత్సవాల్లో ఒకటి. ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు గానీ, వేలమంది వాయిస్తారు, లక్షలమంది వింటారు, వేదిక లేదు, మైకు అక్కర్లేదు.

ఈ మాట పుట్టి పెరిగినవాళ్లకు చెబితే నవ్వుతారు. చిన్నప్పటి నుంచి వింటున్న చప్పుడు చెవికి ఆనదు. కొత్తవాళ్లతో పోతే తెలుస్తుంది. 2025 ఫిబ్రవరి 17, సోమవారం నాడు నేను అట్లాంటి కొత్తవాళ్లతోనే పోయాను.

పైవాటా వాళ్లు

మా ఇంటి పైవాటాలో అంతకు ముందు వానాకాలం దిగిన కుటుంబం అది. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గరి పల్లె వాళ్లది. ఆయనది బ్యాంకు ఉద్యోగం, బదిలీ మీద సూర్యాపేట వచ్చారు. భార్య, నాలుగో తరగతి చదివే కూతురు, నాలుగేళ్ల కొడుకు, ఆయన తల్లి. వచ్చిన కొత్తలో నాయనమ్మకు ఏదీ నచ్చలేదు. ఇక్కడి నీళ్లు నచ్చలేదు, ఎండ నచ్చలేదు, కూరల్లో ఆవపెట్టకపోవడం అసలు నచ్చలేదు. పొద్దున పాలు పోసే మనిషి "అవ్వా, చెంబు తే" అంటే నన్ను అవ్వా అంటాడేటి అని కొడుకు దగ్గర అలిగింది. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక ఇంకా దిగాలు పడింది.

జాతరకు పోదామన్నది కూతురు. బడిలో పిల్లలంతా గట్టు ముచ్చట్లే చెబుతున్నారట. తల్లికి ఇష్టం లేదు. 2015 జులై 14న రాజమండ్రి పుష్కరఘాట్‌లో జరిగిన తొక్కిసలాట ఆమెకు బాగా గుర్తు. 27 మందికి పైగా చనిపోయారు. వాళ్ల ఊరివాళ్లు కొందరు ఆ రోజు రాజమండ్రిలోనే ఉన్నారు. "చిన్నపిల్లల్ని పట్టుకుని అంత జనంలోకి ఎందుకండీ" అన్నది. న్యాయమైన మాటే. ఆమె భయం తీర్చకుండా, ఆ భయానికి తగ్గట్టు నడుచుకుందామన్నాను. పొద్దున ఏడింటికల్లా బయలుదేరాలి, ఎండ ముదిరేసరికి దిగిపోవాలి, పెద్దలు ఎవరూ చేతిలో సంచి పెట్టుకోకూడదు, పిల్లవాడు నాన్న భుజం దిగకూడదు. ఆమె ఇంకొకటి కలిపింది. స్కెచ్ పెన్నుతో పిల్లలిద్దరి ముంజేతుల మీద ఫోన్ నంబరు రాసి, చెమటకు చెరగకుండా పైన పారదర్శకంగా ఉండే టేపు అంటించింది. ఇంతకన్నా మంచి ఏర్పాటు నేను ఏ జాతరలోనూ చూడలేదు.

బస్సులోనే పోయాం. ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరులో మొదలైంది కాబట్టి ఆ తర్వాత వచ్చిన తొలి పెద్దగట్టు ఇదే. బస్సు నిండా ఆడవాళ్లే, ఒళ్లో గంపలే. గంపల్లో బియ్యం, పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు. ముసలమ్మ ఒకామె నాయనమ్మకు జరిగి చోటిచ్చి, "ఏ ఊరవ్వా మీది?" అని అడిగింది. టెక్కలి అంటే ఆమెకు తెలియదు. "దూరమే" అని తనే సర్దుకుని, "అంత దూరం నుంచి లింగన్న పిలిచిండు చూడు" అన్నది. నాయనమ్మ ఏమీ అనలేదు, అవ్వా అన్నందుకు ఈసారి అలగలేదు కూడా.

చప్పుడు ముందు, గుట్ట తర్వాత

పెద్దగట్టు కంటికి కనిపించకముందే చెవిలో పడుతుంది. మొదట బరువైన భేరి చప్పుడు. నేల మీది నుంచి వచ్చి అరికాళ్లకు తగులుతుంది. ఆ తర్వాత డోళ్లు, కనకతప్పెట్లు. వాటన్నిటి పైన పల్చగా, ఎడతెగని గజ్జెల సడి. వీటి మధ్య మధ్య వందల గొంతులు ఒక్కసారి లేస్తాయి: "ఓ లింగా! ఓ లింగా!" ఒక గుంపు అంటే ఇంకో గుంపు అందుకుంటుంది. ఎవరు మొదలుపెట్టారో, ఎక్కడ ఆగిందో తెలియదు.

ఊరూరి నుంచి వచ్చిన ప్రతి గుంపుకూ తన దరువు తనకే ఉంటుంది. నడిగూడెం వైపు వాళ్లది ఒక నడక, తుంగతుర్తి వైపు వాళ్లది ఇంకో నడక. గట్టు కింద ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి గందరగోళంగా వినిపిస్తాయి. కొత్తవాళ్లకు తల తిరిగేది ఇక్కడే. పిల్లవాడు రెండు చెవులూ మూసుకుని ఏడుపు లంకించుకున్నాడు. తల్లి నా వైపు ఒక చూపు చూసింది, నేను చెప్పలేదా అన్నట్టు. గంప నెత్తిన పెట్టుకుని పోతున్న ఒకామె ఆగి, "భేరి ముందట నిలబెట్టకుర్రి బిడ్డా. మొఖం మీదనే కొడుతది. పక్కకు రా, పక్కకు రాండ్రి" అని మమ్మల్ని ఓ పదడుగులు పక్కకు లాగింది. నిజమే. వాద్యం చర్మం ఎటు తిరిగి ఉంటే దెబ్బ అటు పోతుంది, పక్కన నిలబడితే చాలా తగ్గుతుంది. వాడు చెవుల మీద చేతులు తీశాడు. కాసేపటికి నాన్న నెత్తి మీద రెండు చేతులతో దరువు వేయడం మొదలుపెట్టాడు.

పైకి ఎక్కేకొద్దీ ఒక చిత్రం జరుగుతుంది. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేటప్పుడు గుంపులన్నీ ఒకే దారిలో, ఒకే వేగంతో నడవాలి. కాళ్లు కలిసేసరికి దరువులూ కలుస్తాయి. కింద విడివిడిగా కొట్టుకున్న చప్పుళ్లు పైన ఒకే పెద్ద నడకగా మారతాయి. కలిపి వాయించమని ఎవరూ చెప్పరు, చెప్పినా ఆ హోరులో వినపడదు. జనం ఒత్తిడే వాళ్లకు తాళం. ఏ సంగీత కళాశాలలోనూ నేర్పని ఈ సంగతి వినడానికే నేను ప్రతి జాతరకూ పోతాను. దర్శనం దొరికిందా లేదా అన్నది తర్వాతి మాట.

పిల్ల ప్రదక్షిణలో ఒక్కసారి గట్టిగా "ఓ లింగా" అని, సిగ్గుపడి మా అందరి మొహాలూ చూసింది. రెండోసారి ఎవరినీ చూడలేదు.

దబ్బనం పట్టుకున్న మనిషి

దిగేటప్పుడు ఒక వేపచెట్టు కింద ఆగాం. గొంగడి పరుచుకుని ఒక నడివయసు మనిషి కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గజ్జెల లాగు. చేతిలో దబ్బనం. రాలిన గజ్జెలు పక్కన రుమాల్లో మూటకట్టి ఉన్నాయి.

గజ్జెల లాగును దూరం నుంచి చూడటం వేరు, చేత్తో పట్టుకోవడం వేరు. మోకాళ్ల దాకా వచ్చే వదులు లాగు, ముతక బట్ట. దాని మీద వరుసలు వరుసలుగా చిన్న ఇత్తడి గజ్జెలు. అంచు దగ్గర ఒత్తుగా, పైకి పోయేకొద్దీ పల్చగా. పిల్లల నాన్న చేతిలోకి తీసుకుని ఒక్కసారి కిందికి వంగాడు, అంత బరువుంటుందని ఆయన అనుకోలేదు. ప్రతి గజ్జెకూ దారం రెండు చుట్లు చుట్టి, మధ్యలో ముడి వేసి, మిగిలిన కొసను వెనక్కి లాగి బట్ట లోపల దాచాడు ఆ మనిషి. ఎందుకని అడిగితే, కొస బయట ఉంటే గజ్జెకు తగిలి చప్పుడు మొద్దుబారుతుందన్నాడు. ఒకటి రాలితే ఏమవుతుంది, ఇన్ని ఉన్నాయి కదా అన్నాను. నా వైపు జాలిగా చూసి, "నోట్లె పన్ను ఊడితె తెల్వదా?" అన్నాడు.

నాయనమ్మ అప్పటిదాకా దూరంగా చెట్టు మొదలు దగ్గర కూర్చుని ఉంది. లేచి వచ్చి, లాగు అంచు పట్టుకుని, ఒక గజ్జెను వేలితో మీటి విన్నది. "మా కాడ తప్పెటగుళ్లోళ్లు గజ్జెలు కాళ్లకి కడతారు బావూ. మీరు లాగుకే కుట్టీసినారేటి?"

"కాళ్లకు కడితె అడుగొక్కటే పలుకుతది అవ్వా. లాగుకు కుడితె నడుము గూడ పలుకుతది."

"గొల్లోళ్లా మీరు?"

"గొల్లోళ్లమే."

"మాకాడా గొల్లోళ్లే ఎగుర్తారు" అని ఆమె అతని ఎదురుగా గొంగడి మీద కూర్చుంది. ఇక అక్కడి నుంచి లేపడం మా వల్ల కాలేదు.

తప్పెటగుళ్లు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల యాదవుల కళ. రొమ్ము మీద గుండ్రటి రేకు తప్పెట వేలాడదీసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, రెండు చేతులతో తప్పెట మీద దరువు వేస్తూ ఎగురుతారు. ఆట జోరుమీద ఉండగా ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు, అప్పుడు కూడా దరువు తప్పదు. వానలు పడాలని, మంద చల్లగా ఉండాలని పాడతారు. దురాజ్‌పల్లికీ టెక్కలికీ మధ్య ఎన్ని నదులు, ఎన్ని జిల్లాలు! అయినా అక్కడా ఇక్కడా మందలు కాచినవాళ్లే, కాలితో తాళం వేసేవాళ్లే. ఆరు నెలలుగా ఈ ఊళ్లో తనదంటూ ఏదీ దొరకని మనిషికి ఇది దొరికింది.

ఇది యాదృచ్ఛికం కాదు. గొర్లకాపరి ఒకచోట నిలిచే మనిషి కాదు, గడ్డి ఎక్కడుంటే అక్కడికి పోతాడు, పాటనూ వెంట తీసుకుపోతాడు. కాటమరాజు కథలే చూడండి. నెల్లూరు నల్లసిద్ధితో పుల్లరి దగ్గర మొదలైన తగువు యుద్ధం దాకా పోయిన ఆ వీరగాథను తెలుగునేల నలుమూలలా గొల్లలు పాడుకున్నారు. తంగిరాల వెంకట సుబ్బారావు ఏళ్ల తరబడి తిరిగి సేకరించి సంపుటాలుగా తేకపోతే అందులో సగం ఈపాటికి పోయేది. ఇక ఉమ్మడి నల్లగొండ మట్టిలో గొల్ల దరువుకు ఇంకో చరిత్ర ఉంది. సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల రూపాన్ని తీసుకుని భూస్వాముల మీద ఎక్కుపెట్టాడు. దేవుడి కథ చెప్పే నడకలోనే వెట్టిచాకిరి కథ చెప్పాడు. కరివిరాల కొత్తగూడెం ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం పాట కట్టి ఆడవాళ్లను కూడగట్టింది. ఈ ప్రాంతంలో పాటకు పని చెప్పడం కొత్త కాదు.

దిగి వచ్చిన దేవుడు

గొంగడి మీద కూర్చున్న మనిషే గట్టు కథ చెప్పాడు. చెప్పేవాళ్లను బట్టి కొద్దిగా మారుతుంది గానీ, ముడి ఒక్కటే. దేవుడు మొదట ఉన్నది ఇక్కడ కాదట, దగ్గర్లోని ఉండ్రుగొండ గుట్ట మీద. అది నిటారు గుట్ట. కడుపుతో ఉన్న గొల్ల ఆడబిడ్డ ఒకామె పూజ గంప నెత్తిన పెట్టుకుని ఎక్కుతూ జారిపడింది. ఆమె గోడు విని, ఇక మీరు ఎక్కి రావద్దు, నేనే దిగి వస్తానని స్వామి దురాజ్‌పల్లి గట్టుకు వచ్చాడు. భక్తుణ్ని ఏడు కొండలు ఎక్కించే దేవుళ్ల మధ్య, ఎక్కలేనివాళ్ల కోసం తనే దిగివచ్చిన దేవుడు నాకైతే ఎక్కువ నచ్చుతాడు.

స్వామి శాకాహారి. పక్కనే ఉన్న తోబుట్టువు చౌడమ్మకు మాత్రం యాటపోతు కావాలి. ఒకే గట్టు మీద రెండు వంటలు, అన్నాచెల్లెళ్ల మధ్య పేచీ లేదు. జాతరకు పదిహేను రోజుల ముందు దిష్టిపూజతో పని మొదలవుతుంది. ఆదివారం రాత్రి కేసారం నుంచి దేవతా విగ్రహాల దేవరపెట్టె గట్టుకు చేరుతుంది, సూర్యాపేట యాదవులు మకరతోరణం తెస్తారు. ఆ రాత్రి తడిబట్టలతో గంపల ప్రదక్షిణ. సోమవారం చౌడమ్మకు బోనాలు. మంగళవారం చంద్రపట్నం. బుధవారం నెలవారం. గురువారం మకరతోరణం తిరిగి సూర్యాపేట చేరడంతో ముగింపు.

భక్తులు ఆంధ్ర నుంచే కాదు, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుంచి కూడా వస్తారు. ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద వచ్చి చెట్ల కింద దిగి, ఐదు రోజులూ అక్కడే వండుకు తినేవారు. ఇప్పుడు ట్రాక్టర్లు, డీసీఎంలు. పొయ్యిలు మాత్రం అవే మూడు రాళ్లు.

టికెట్ ఎంత నాన్నా?

ఈ ప్రశ్న పిల్లది. వాళ్ల బాబాయి ఇంగ్లండులో చదువుతున్నాడు. అక్కడి గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం వీడియోలు ఇంటిల్లిపాదీ చూశారు. డేరాలు, బురద, జెండాలు, భుజాల మీద పిల్లలు. "బాబాయి దానిలాగే ఉంది. దీనికి టికెట్ ఎంత?" అని అడిగింది. టికెట్ లేదని వాళ్ల నాన్న చెబితే నమ్మలేదు. గ్లాస్టన్‌బరీకి 2025 టికెట్ ధర 373.50 పౌండ్లు, పైన బుకింగ్ రుసుము 5 పౌండ్లు. మన డబ్బుల్లో నలభై వేల చుట్టూ. అక్కడికి వచ్చేది రెండు లక్షల మంది. గట్టుకు పది లక్షలు దాటతారని అధికారులు ముందే అంచనా వేసుకుంటారు.

పిల్ల మాటలో నాకు ఇంకో పోలిక తట్టింది. గ్లాస్టన్‌బరీ జరిగేది సోమర్సెట్‌లోని వర్దీ ఫామ్ అనే పాడిరైతు పొలంలో. మైకేల్ ఈవిస్ అనే ఆ రైతు 1970లో ఒక పౌండు టికెట్ పెట్టి, వచ్చినవాళ్లకు తన ఆవుల పాలు ఉచితంగా పోశాడు. అంతకు ముందు ఏడాది, 1969 ఆగస్టులో అమెరికాలో నాలుగు లక్షల మంది కూడిన వుడ్‌స్టాక్ కూడా మాక్స్ యాస్గర్ అనే పాడిరైతు పొలంలోనే జరిగింది. పండిట్ రవిశంకర్ అక్కడే వానలో సితార్ వాయించారు. దురాజ్‌పల్లిలో గొల్లలు. పశువులు మేసే చోట ఇంత జనం ఎందుకు పట్టిందంటే, అక్కడ గోడలు లేవు కాబట్టి. గ్లాస్టన్‌బరీ వాళ్లు నాలుగైదేళ్లకోసారి నేల కోలుకోవాలని ఒక ఏడాది ఉత్సవం ఆపేస్తారు, 2026లో కూడా ఆపారు. మనవాళ్లు ఎప్పటి నుంచో ఏడాది విడిచి ఏడాదే జరుపుతున్నారు.

కానీ ఒక విషయంలో వాళ్లను చూసి నేర్చుకోవాలి. డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఉత్సవంలో 2000 సంవత్సరంలో వేదిక ముందు ఒత్తిడికి తొమ్మిది మంది యువకులు చనిపోయారు. ఆ తర్వాత అక్కడ జనాన్ని చిన్నచిన్న దడులుగా విడగొట్టి, ఒక్కో దడిలోకి ఇంతమందే అని లెక్కపెట్టి పంపుతున్నారు. గట్టు మీద ఎక్కే దారి, దిగే దారి వేరు చేయడం, బారికేడ్లు కట్టడం ఇప్పటికే ఉన్నాయి. పోలీసుల కష్టం కళ్లారా చూశాను. అయితే గుడి ముందు, కోనేటి దగ్గర, భేరి గుంపులు ఆగిపోయి వాయించే చోట జనం గడ్డకడతారు. అక్కడ లెక్క కావాలి. చిన్నపిల్లల తల్లులకు విడిగా ఒక వరుస కావాలి.

డీజే డబ్బాలు

అసలు ముప్పు ఇంకోటి ఉంది. ఎండ ముదిరేసరికి ట్రాక్టర్ల మీద డీజే డబ్బాలు దిగాయి. ఒక్కొక్కటి బీరువా అంత. సినిమా పాట, దాని మీద ఎవరో ఎమ్మెల్యే పేరు కలిపి రీమిక్స్. అంతే, పదిమంది భేరి గుంపు ఒకటి వాయించడం ఆపేసింది. ఎందుకు ఆపారని అడిగాను. "మాది మాకే వినపడ్తలేదు" అన్నాడు కుర్రాడు, చేతుల్లోని పుల్లలు నడుముకు దోపుకుంటూ.

చట్టం లేక కాదు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. ఊరేగింపుల్లో డీజేల మీద హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో నిషేధం పెట్టారు కూడా. కానీ నేనడిగేది రాత్రి సంగతి కాదు, పగటి సంగతి. భేరి, డోలు చేతితో కొట్టేవి. వాటికి మనిషి భుజమంత శక్తే ఉంటుంది. జనరేటర్‌తో పందెం పెడితే ఓడిపోతాయి. రెండు మూడు జాతరల పాటు ఓడిపోతే ఆ కుర్రాడి కొడుకు పుల్ల పట్టడు. భక్తుల మనోభావాలు అంటూ దీన్ని దాటవేయవద్దు. లింగమంతులకు డీజే మొక్కు ఉన్నట్టు ఏ గొల్లపెద్దా నాకు చెప్పలేదు.

మంగళవారం

సోమవారం మధ్యాహ్నానికి కుటుంబాన్ని ఇంటికి చేర్చాను. పిల్లవాడు బస్సులోనే నిద్రపోయాడు, చేతిలో బూర. తల్లి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, "భయపడినంత లేదండీ" అన్నది. అంతకు మించి ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున్నే నాయనమ్మ కిందికి దిగి వచ్చింది. "బావూ, నిన్న ఆ లాగాయన సెప్పినాడు, ఇవాళ పాట ఉందట కదా. తీసుకెళ్తావా?"

మంగళవారం గట్టు వేరే లోకం. ఆదివారం, సోమవారం వచ్చిన జనంలో చాలామంది వెళ్లిపోయి ఉంటారు. చంద్రపట్నం వేసేది ఈ రోజే. కథ పాడే బైకాన్లు నేల మీద తెల్లపిండితో గీతలు తీసి, పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడి గళ్లలో నింపుతారు. మొదటి గీత నుంచి చివరి చుక్క దాకా తొందర ఉండదు. పట్నం చుట్టూ నిలబడి లింగమంతుల కథ ఎత్తుకుంటారు. ఒకరు చెబుతారు, ఇంకొకరు వంత పాడతారు. మాట పాటలోకి, పాట మళ్లీ మాటలోకి జారిపోతుంది. నిన్నటి భేరి మోత ఈ రోజు లేదు. గొంతు, చిన్న తాళం, అప్పుడప్పుడు చుట్టూ కూర్చున్నవాళ్ల "ఓ లింగా". నిన్నటిది గుండెకు తగిలితే, ఇది వినేవాళ్లకే వినపడుతుంది.

నాయనమ్మ ముందు వరుసలో కూర్చుంది. కథలో ఆమెకు ఎంత అర్థమైందో నేను అడగలేదు. వంత పాడేచోట రెండుసార్లు చేత్తో మోకాలి మీద సరిగ్గా దరువు వేసింది. పక్కన కూర్చున్న స్త్రీ ఆమె చేతిలో పుట్నాల పొట్లం పెట్టింది. కథ ముగిసే దాకా లేవలేదు. ఆ కథ వింటున్నవాళ్లు ఎంతమందని చూస్తే, నిన్న ఒక్క మలుపు దగ్గర నిలబడ్డంత మంది కూడా లేరు. కెమెరాలు అసలే లేవు. టీవీ వాళ్లంతా సోమవారం సాయంత్రమే సర్దుకున్నారు.

ఇది సరైన పని కాదు. మన దగ్గర కిన్నెరకు పేరొచ్చింది, 2022లో మొగులయ్యకు పద్మశ్రీ ఇచ్చారు. బుర్రవీణ కొండప్పకు, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు 2024లో ఇచ్చారు. జయధీర్ తిరుమలరావు లాంటివారు ఊరూరూ తిరిగి అరుదైన వాద్యాలు పోగుచేసి ఆద్యకళ పేరుతో జనం ముందు పెట్టారు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠమే ఉంది. ఇన్ని ఉండగా పెద్దగట్టు మంగళవారం కథను మొదలు నుంచి చివరి దాకా మంచి మైకుతో రికార్డు చేసి దాచడం పెద్ద ఖర్చు కాదు. రెండు మంచినీళ్ల ట్యాంకర్ల అద్దె చాలు. గట్టు కింద ఒక ఎకరం డీజే లేని చోటుగా గీత గీసి, ఊరి గుంపులు ఒకటి తర్వాత ఒకటి వాయించుకునేలా చూడటానికి అసలు ఖర్చే లేదు. సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. ఆ తర్వాత ఐదు జాతరలు గడిచాయి. రోడ్లు వచ్చాయి, దీపాలు వచ్చాయి. ఈ రెండూ రాలేదు.

వచ్చే పెద్దగట్టు 2027 మాఘమాసంలో. కోదాడ, మిర్యాలగూడ, ఖమ్మం నుంచి వచ్చేవాళ్లు పిల్లల్ని తీసుకుని సోమవారం పొద్దున్నే రండి, భేరికి పక్కన నిలబడండి. వీలైతే ఒక రోజు ఎక్కువ ఉండి మంగళవారం కథ వినండి. ముందు వరుసలో చోటు ఉంటుంది.